బడికెళ్ళని బిడ్డకు పూచీ ఎవరు?

మెట్రిక్ ప్రైవేటుగా కట్టినవాళ్ళు ఒకప్పుడు మన ఊళ్ళన్నిటిలో ఉండేవారు. పెళ్ళయి చదువాగిపోయిన ఆడవాళ్ళు, చిన్నప్పుడే పొలం పనుల్లో పడ్డవాళ్ళు ఫీజు కట్టి, హాల్ టికెట్ తెచ్చుకుని, పరీక్ష రాసి గట్టెక్కేవారు. ఎక్కడ చదివావు, ఎవరు చెప్పారు అని బోర్డు అడిగేది కాదు. మార్కులొస్తే చాలు. అమెరికాలో చాలా రాష్ట్రాల పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. హైస్కూలు చివర అందరికీ ఒకే బోర్డు పరీక్ష పెట్టి, ఆ మార్కులతో కాలేజీకి పంపే ఏర్పాటు అక్కడ లేదు. నాలుగేళ్ళ మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌గా రాసిచ్చేది బడి. ఈ పిల్లవాడు ఇలాంటివాడని కాలేజీకి ఉత్తరం రాసేది ఆ బడిలోని కౌన్సెలర్. మరి బడికే వెళ్ళకుండా ఇంట్లో అమ్మానాన్నల దగ్గర చదువుకున్న పిల్లకు పూచీ పడేదెవరు? అమెరికాలో ఇంటి చదువుల పిల్లలను కాలేజీకి సిద్ధం చేయడమనే పని నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. చదువు చెప్పడం ఆ తల్లిదండ్రులకు ఎన్నడూ పెద్ద చిక్కు కాలేదు. చెప్పామని బయటివాళ్ళను నమ్మించడమే చిక్కయింది.

బడి మాటకు అంత విలువ ఎలా వచ్చిందో చూడాలి. 1900లో కొన్ని కాలేజీలు కలిసి కాలేజ్ బోర్డును ఏర్పాటు చేసి ఉమ్మడి ప్రవేశ పరీక్షలకు దారి వేశాయి. 1905లో ఆండ్రూ కార్నెగీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ సొమ్ము పంచే ఫౌండేషన్ ఒక షరతు పెట్టింది: పింఛను కావాలంటే ఆ కాలేజీ తన విద్యార్థుల నుంచి హైస్కూల్లో 14 యూనిట్ల చదువు అడగాలి. ఒక సబ్జెక్టును ఏడాదిలో సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్. ప్రొఫెసర్ల పింఛను కోసం పుట్టిన ఈ గంటల లెక్కే ఇవాళ్టికీ అమెరికా హైస్కూలు చదువుకు కొలబద్ద. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష 1926లో మొదలైంది. 1957లో సోవియట్లు స్పుత్నిక్‌ను ఎగరేశాక కంగారుపడ్డ అమెరికా, మరుసటి ఏడు జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి, తెలివైన పిల్లలను గుర్తించి పైచదువులకు పంపే కౌన్సెలర్లను తయారుచేయడానికి కూడా డబ్బు ఇచ్చింది. గంటల లెక్క, ట్రాన్‌స్క్రిప్ట్, కౌన్సెలర్ ఉత్తరం మూడూ బడి గోడల మధ్య చదివేవాళ్ళ కోసమే ఏర్పడ్డాయి.

ఆ గోడలు దాటడం మొదట నేరంగానే ఉండేది. నిర్బంధ హాజరు చట్టం 1852లో మసాచుసెట్స్‌తో మొదలై, 1918లో మిసిసిపీతో దేశమంతా పాకింది. 1970లలో రెండు వైపుల నుంచి ఎదురుగాలి లేచింది. బడి పిల్లల కుతూహలాన్ని చంపేస్తోందని రాసిన జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక పెట్టాడు. పసిపిల్లలను అంత త్వరగా బడికి తోలొద్దని రేమండ్, డొరొతీ మూర్ దంపతులు 1975 నుంచీ పుస్తకాలు రాశారు. వాళ్ళ మాట క్రైస్తవ కుటుంబాల్లోకి బాగా వెళ్ళింది. కాలేజీ సంగతి అప్పటికి ఎవరి ధ్యాసలోనూ పెద్దగా లేదు. పిల్లలింకా చిన్నవాళ్ళు. కేసు పడకుండా ఉంటే చాలు.

కాలేజీ ప్రశ్నను దేశం ముందుకు తెచ్చినది కాల్‌ఫ్యాక్స్ కుటుంబం. డేవిడ్ కాల్‌ఫ్యాక్స్ సోషియాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసినవాడు. 1970ల మొదట్లో భార్య మికీతో, కొడుకులతో ఉత్తర కాలిఫోర్నియాలోని బూన్‌విల్ దగ్గర కొండల్లోకి వెళ్ళిపోయాడు. కరెంటు లేని చోట ఇల్లు తామే కట్టుకున్నారు, మేకలు పెంచారు. పిల్లల చదువు ఆ పనుల మధ్యనే సాగింది. పాడి మేకల జాతిని మెరుగుపరచడంలో దిగిన పెద్దకొడుకు గ్రాంట్‌కు జన్యుశాస్త్రం ఆ దొడ్లోనే మొదలైంది. 1983లో హార్వర్డ్ అతనికి సీటిచ్చింది. జానీ కార్సన్ తన ‘టునైట్ షో’కు పిలిచాడు. తర్వాత తమ్ముళ్ళు డ్రూ, రీడ్ కూడా హార్వర్డ్‌కే వెళ్ళారు. గ్రాంట్ డాక్టరయ్యాడు, ఒబామా హయాంలో శ్వేతసౌధంలో ఎయిడ్స్ విధాన కార్యాలయానికి డైరెక్టరయ్యాడు.

ఈ కథను అప్పటి పత్రికలు మేకల కాపరి హార్వర్డ్‌కు వెళ్ళిన వింతగా చెప్పాయి. నాకు ఇందులో ముఖ్యమనిపించేది వేరు. ఆ తల్లిదండ్రులిద్దరూ చదువు చెప్పే వృత్తి నుంచి వచ్చినవాళ్ళు. విశ్వవిద్యాలయానికి ఏ భాషలో రాస్తే అర్థమవుతుందో వాళ్ళకు తెలుసు. దొడ్లో జరిగినదాన్ని చదువుగా చూపించగలిగారు. ఆ నేర్పు లేని ఇళ్ళలోనూ మంచి మేకలు, మంచి చదువు ఉండి ఉంటాయి. వాటి గురించి హార్వర్డ్‌కు తెలిసే దారి లేదు. తర్వాత పుట్టుకొచ్చిన పుస్తకాలు, సలహాదారులు, తల్లుల బృందాలు అన్నీ ఆ నేర్పును పదిమందికీ పంచే ప్రయత్నాలే.

అదే 1983లో ఇంటి చదువుల కుటుంబాల తరఫున కోర్టుల్లో నిలబడేందుకు హెచ్.ఎస్.ఎల్.డి.ఎ. అనే సంస్థ పుట్టింది. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. కాలేజీ గుమ్మం మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోలేదు. చాలా కాలేజీలు జి.ఇ.డి. రాసి రమ్మన్నాయి. అది 1942లో, చదువు మధ్యలో ఆపి యుద్ధానికి వెళ్ళిన సైనికుల కోసం పెట్టిన పరీక్ష. కాలక్రమంలో బడి మానేసినవాళ్ళ పరీక్షగా ముద్ర పడింది. బడి పిల్లలకంటే ఎక్కువ చదివిన పిల్లను కూడా ఆ ముద్రతో రమ్మనడం తల్లిదండ్రులకు అవమానంగా తోచింది, అది న్యాయమైన కోపమే. కొన్ని విశ్వవిద్యాలయాలు బడి పిల్లల నుంచి అడగని శాట్ సబ్జెక్ట్ పరీక్షలను వీళ్ళ నుంచి అడిగాయి. ఉన్నత విద్యా చట్టానికి 1998లో చేసిన సవరణలతో పరిస్థితి మారింది. రాష్ట్ర చట్టం ప్రకారం ఇంట్లో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళకు జి.ఇ.డి. లేకున్నా కేంద్ర ఆర్థిక సాయం అందే వీలు కలిగింది. సాయానికి అర్హుడైన విద్యార్థిని చేర్చుకోం అనడానికి కాలేజీలకు సాకు తగ్గింది.

ఆ రోజుల్లోనే, 1997లో, కాఫీ కోహెన్ అనే తల్లి రాసిన ‘అండ్ వాట్ అబౌట్ కాలేజ్?’ వచ్చింది. ట్రాన్‌స్క్రిప్ట్ ఎలా తయారుచేయాలో ఒక తల్లి మిగతా తల్లులకు చెప్పిన పుస్తకమది. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ ప్రవేశాల విభాగం ఇంటి చదువుల పిల్లల దరఖాస్తులను ప్రత్యేక శ్రద్ధతో చూస్తోందని ఆ విశ్వవిద్యాలయ పత్రికే 2000లో రాసింది. వీళ్ళలో సీటు దొరికినవారి నిష్పత్తి మొత్తం దరఖాస్తుదారుల్లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అయితే దరఖాస్తు చేసినవాళ్ళు కొద్దిమందే, అందులోనూ బాగా సిద్ధమైనవాళ్ళు. ఆ అంకెను చూసి ఇంటి చదువే స్టాన్‌ఫర్డ్‌కు దగ్గరి దారి అనుకుంటే పొరపాటు.

ఇంతకీ ఇంట్లో చదువు చెప్పే తల్లి కాలేజీ దరఖాస్తు కోసం చేసే పని ఏమిటి? ట్రాన్‌స్క్రిప్ట్ ఒక్క పేజీయే. పైన విద్యార్థి పేరు, పుట్టిన తేదీ. కింద ఏటేటా కోర్సులు, క్రెడిట్లు, గ్రేడ్లు. అడుగున చదువు పూర్తయిన తేదీ, తల్లి సంతకం. కొన్ని కాలేజీలు నోటరీ ముద్ర కూడా అడుగుతాయి. దానికి తోడు కోర్సు వివరణలు: ఏ పుస్తకాలు చదివింది, ఎవరు చెప్పారు, ఎలా పరీక్షించారు. చాలా కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ అప్లికేషన్‌లో కౌన్సెలర్ గడి ఉంటుంది, అందులోనూ తల్లి పేరే. ఇంటి బడి గురించిన ప్రొఫైల్, కన్నబిడ్డ గురించిన సిఫారసు ఉత్తరం కూడా ఆమే రాయాలి. అన్నిటిలోకీ కష్టం ఈ ఉత్తరమే. ‘మా అమ్మాయి చాలా చురుకైనది’ అని తల్లి రాస్తే ఎవరు నమ్ముతారు? ‘ఇంటి వెనక వాగులో రెండేళ్ళపాటు వారం వారం నీటి ఉష్ణోగ్రత కొలిచి, లెక్కలు తేడాగా వచ్చినచోట థర్మామీటరు మార్చి మళ్ళీ కొలిచింది’ అని రాస్తే నమ్ముతారు. అనుభవమున్న సలహాదారులు తొమ్మిదో తరగతి మొదట్లోనే పుస్తకాల జాబితా రాసిపెట్టుకోమని పోరేది ఇందుకే. పన్నెండో తరగతిలో కూర్చుని నాలుగేళ్ళనూ గుర్తుచేసుకోవడం ఎవరి తరమూ కాదు.

తల్లి మాటకు బయటి సాక్ష్యం తోడైతే బలం. మినెసోటా 1985లో, వాషింగ్టన్ రాష్ట్రం 1990లో హైస్కూలు పిల్లలు కాలేజీ తరగతులకు వెళ్ళే పథకాలు పెట్టాయి. ఇలా తెచ్చుకున్న కాలేజీ గ్రేడును శంకించేవాళ్ళుండరు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి సబ్జెక్టుల్లో రాసే ఎ.పి. (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మరో సాక్ష్యం. ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సుకు ఎ.పి. అని పేరు పెట్టాలంటే సిలబస్‌కు కాలేజ్ బోర్డు ఆమోదం ఉండాలని 2007లో నియమం వచ్చింది. తల్లిదండ్రులు కూడా సిలబస్ పంపి ఆమోదం పొందవచ్చు. పరీక్ష రాయడానికి మాత్రం ఏదో ఒక బడి చోటివ్వాలి. అందుకని పరీక్ష మేలో అయినా, అంతకుముందు శరత్కాలంలోనే ఒక్కో బడికీ ఫోన్ చేసి మా పిల్లను కూర్చోనిస్తారా అని బతిమాలుకోవాలి.

ఈ సాక్ష్యాల విలువ మన దేశం నుంచి వెళ్ళిన ఒక అమ్మాయి విషయంలో స్పష్టంగా కనిపించింది. ముంబయిలో ఏడో తరగతి తర్వాత బడి మానేసి ఇంట్లో చదివిన ఆమె, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కనుక ఐ.ఐ.టి. తలుపు తెరుచుకోలేదు. 2016లో ఎం.ఐ.టి. పిలిచి సీటిచ్చింది. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూలు, 1991లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ బడికి వెళ్ళనివాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చి ఎందరినో ఒడ్డున పడేశాయి. కానీ సర్టిఫికెట్ లేని ప్రతిభను చూసే కన్ను మన ప్రవేశాలకు ఇంకా రాలేదు.

2020లో కోవిడ్ అమెరికాలో ఈ లెక్కలన్నీ తారుమారు చేసింది. సెన్సస్ బ్యూరో సర్వేలో ఆ వసంతంలో 5.4 శాతం కుటుంబాలు ఇంటి చదువు అన్నాయి, శరత్కాలానికి 11.1 శాతం. నల్లజాతి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1 శాతానికి పెరిగింది. అదే సమయంలో చాలా కాలేజీలు శాట్ తప్పనిసరి కాదన్నాయి. సబ్జెక్ట్ పరీక్షలను కాలేజ్ బోర్డు 2021లో ఎత్తేసింది. బడి పిల్లలకు ఇది బరువు తగ్గించింది. ఇంటి చదువుల పిల్లలకు మాత్రం చేతిలోని సాక్ష్యాల్లో ఒకటి పోయింది. ఎం.ఐ.టి. 2022లో, హార్వర్డ్, యేల్ 2024లో పరీక్షను వెనక్కి తెచ్చినప్పుడు ఈ కుటుంబాల్లో చాలామంది ఊపిరి పీల్చుకోవడం నాకు సహజంగానే తోస్తుంది.

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బడి పిల్లలకున్న ప్రమాణాలే ఇంటి చదువుల పిల్లలకూ వర్తింపజేయాలని చట్టం ఉంది. చట్టం తలుపు తీస్తుంది గానీ కోర్సు వివరణలు రాసిపెట్టదు. రెండు ఉద్యోగాలు చేస్తూ, తాను కాలేజీ మెట్లెక్కని తల్లి ఇరవై పేజీల వివరణలు రాయగలదా? అలాంటి ఇంటికి నేను చెప్పగలిగిన అన్నిటికంటే మంచి దారి కమ్యూనిటీ కాలేజీ. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళను ట్రాన్‌స్క్రిప్ట్ అడగకుండానే చేర్చుకుంటారు. అక్కడ రెండేళ్ళు చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారేటప్పుడు చూసేది ప్రధానంగా ఆ కాలేజీ మార్కులనే. ఈ సంగతి ఆ తల్లికి, పిల్లకు పద్నాలుగో ఏడు రాగానే ఎవరైనా చెప్పాలి.