నల్లబడ్డ స్క్రీన్, మిగిలిన ఫైలు

నిజాంపేటలో వాన దంచికొడుతోంది. రాత్రి పది దాటింది. మూడో అంతస్తు గదిలో లాప్‌టాప్ స్క్రీన్ ఒక్కసారి మిణుక్కుమని నల్లబడింది. ఆమె పవర్ బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఈసారి తెల్లటి అక్షరాలు: డిస్క్ దొరకడం లేదు. పొద్దున తొమ్మిదింటికి క్లయింటుకి డెమో.

"అక్కా, అన్నీ పోయినట్టేనా?" తమ్ముడు దుప్పటి తోసేసి లేచాడు.

"కోడ్ పోలేదురా, సాయంత్రమే సర్వర్‌కి పంపేశాను. నా సెటప్పే పోయింది. నీ లాప్‌టాప్ ఇటివ్వు."

ఉబుంటు ఉన్న పాత మెషీన్. కీల సందుల్లో మిక్చర్ పలుకులు. తన పేరుతో కొత్త యూజర్‌ని తెరిచింది. అంతలో కరెంటు పోయింది. వైఫై కూడా.

వేరే ఎవరికైనా ఆ రాత్రి అక్కడే తెల్లారిపోయేది: ఎడిటర్ వేసుకుని, ప్లగిన్లు ఏరుకుని, షార్ట్‌కట్లు గుర్తు తెచ్చుకుని, ఏ టూల్ ఏ వెర్షనో తేలక తల పట్టుకుని, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా పేర్చుకున్నదాన్ని ఒక్క రాత్రిలో చేత్తో కట్టుకుంటూ, అందులో ఏది తప్పిందో చివరికి క్లయింటు ఎదుటే తెలుసుకోవాల్సి వచ్చేది. ఆమెకి మాత్రం గిట్‌లో హోమ్.నిక్స్ అనే ఫైలుంది. తన మెషీన్‌లో ఏమేం ఉండాలో, ఎలా ఉండాలో అంతా అందులో రాసుంది.

ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసింది. నిక్స్ వేసింది. ఫైలు తెచ్చింది. హోమ్ మేనేజర్‌ని నడిపింది. స్క్రీన్ మీద లెక్క వచ్చింది: డౌన్‌లోడ్ కావాల్సింది 900 ఎంబీ పైనే. ఫోన్‌లో ఆ రోజుకి మిగిలింది 200. అక్కడే ఆపేసింది.

"పన్నెండింటికి కొత్త 2 జీబీ వచ్చేస్తుందిగా అక్కా."

టైం 11:41.

ఆమె నమ్ముకున్న ఆ నిక్స్ పద్ధతి పుట్టింది నెదర్లాండ్స్‌లో. ఉట్రెక్ట్ యూనివర్సిటీలో ఏల్కో డోల్‌స్ట్రా 2006లో ఇచ్చిన పీహెచ్‌డీ థీసిస్ నిక్స్ గురించే. అందులో ప్రతి ప్యాకేజీకీ, దాని తయారీకి వాడినవాటన్నిటినీ బట్టి లెక్కగట్టిన ఒక హ్యాష్ ఉంటుంది. ఆ హ్యాష్‌తో మొదలయ్యే పేరుతో అది నిక్స్ తన ప్యాకేజీలు దాచుకునే స్టోర్‌లో విడిగా కూర్చుంటుంది. ఒకటి ఇంకోదాని జోలికి పోదు. రాబర్ట్ హెల్గెసన్ మొదలుపెట్టిన హోమ్ మేనేజర్ దాన్నే యూజర్ సొంత ఫోల్డర్ దాకా తెచ్చింది: ఫైలు చదువుతుంది, కావాల్సినవి స్టోర్‌లో సిద్ధం చేస్తుంది, అక్కణ్ణించి లింకులు వేస్తుంది. పక్కనుండే లాక్ ఫైలు పుణ్యమా అని వెర్షన్లు కూడా పాతవే దిగుతాయి.

పన్నెండయింది. అదే కమాండ్, మళ్ళీ ఎంటర్.

లైన్లు పరిగెత్తాయి. ఫోన్ కాలిపోతోంది. సరిగ్గా చివర్లో ఎర్ర అక్షరాలు.

బాష్ఆర్‌సీ ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీద రాయనంటూ హోమ్ మేనేజర్ మొండికేసింది. ఉబుంటు ప్రతి కొత్త యూజర్‌కీ పెట్టే ఫైలే అది. అడక్కుండా తుడిచేసే టూల్స్‌తో పోలిస్తే ఈ మొండితనమే నయం. కమాండ్ చివర 'మైనస్ బి బ్యాకప్' తగిలించింది. పాత ఫైలు పేరు మార్చుకుని పక్కకి జరిగింది. టెర్మినల్ తెరిస్తే తన రంగులు, తన ప్రాంప్ట్, వేళ్ళకి అలవాటైన షార్ట్‌కట్లు!

ఎస్ఎస్‌హెచ్ కీ మాత్రం రాలేదు. రాకూడదు కూడా. స్టోర్‌లోకి వెళ్ళినదాన్ని ఆ మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు, అందుకే రహస్యాలేవీ ఆమె ఆ ఫైలులో పెట్టదు. కొత్త కీ చేసి ఆఫీసు అకౌంటుకి జోడించింది. కోడ్ దిగింది. డెమో డేటా ఎక్కించే స్క్రిప్ట్ నడిపింది.

పీఎస్‌క్యూఎల్: కమాండ్ దొరకలేదు.

గుండె జారింది. రెండు నెలల కిందట, ఇలాంటి హడావుడిలోనే, పోయిన లాప్‌టాప్‌లో దాన్ని ఆప్ట్‌తో చేత్తో వేసుకుంది. ఫైలులో రాయలేదు. రాయనిది రాలేదు. ప్యాకేజీల లిస్టులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఒక లైను చేర్చి మళ్ళీ నడిపింది. సెటప్‌కి రెండో జనరేషన్ తయారైంది. ఇది బెడిసికొట్టినా మొదటిదానికి పోవచ్చు.

బెడిసికొట్టలేదు. డేటా ఎక్కింది. డెమో పేజీ తెరుచుకుంది. లాప్‌టాప్ మూసేముందు ఆ ఒక్క లైన్నీ గిట్‌కి పుష్ చేసింది.

"అక్కా, నా గేములు?"

"నీ అకౌంట్ ముట్టుకోలేదురా."

"సరే. సాయంత్రం ఆరింటికల్లా తెచ్చెయ్. మ్యాచ్ ఉంది."