కాఫీ, బీరు, కథోలిక దృష్టి : నెల్లూరు తీరం నుంచి ఒక పరిశీలన

నెల్లూరు తీరాన ముస్లింలు, కథోలిక క్రైస్తవులు తరతరాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. ఉదయాన కాఫీ విషయంలో ఈ రెండు ఇళ్లకూ భేదం లేదు. భేదమల్లా మరొక గ్లాసు దగ్గర వస్తుంది. బీరుగాని ద్రాక్షసారాయంగాని స్వతహాగా పాపమని కథోలిక ధర్మం అనదు. మన షరీఅత్ మత్తు కలిగించే ప్రతి పానీయాన్నీ నిషేధించింది. ఈ భేదాన్ని చూసి మనవారిలో కొందరు, ‘వాళ్ల మతంలో తాగుడు చెల్లుతుంది’ అని ఒక్క మాటలో తేల్చివేస్తుంటారు. ఇది న్యాయమైన మాట కాదు. ఆ ధర్మంలోనూ ఈ రెండు పానీయాలను వేర్వేరుగా తూచిన చరిత్ర ఉన్నది. దానిని నిష్పక్షపాతంగా చూస్తే మన సొంత చరిత్ర కూడా మరికాస్త స్పష్టపడుతుంది.

ముందుగా కాఫీ సంగతి. పదిహేనవ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా ఈ పానీయాన్ని సేవించేవారు. దీనికి వాడిన ‘ఖహ్వా’ అనే మాట అంతకుముందు అరబ్బులు మద్యానికి వాడిన పేర్లలో ఒకటి. పేరు తెచ్చిన అనుమానం కొంత, రాత్రిపూట జనం గుమిగూడటం వల్ల కలిగిన అనుమానం కొంత! 1511లో మక్కాలో మమ్లూకుల ముహ్తసిబ్ ఖైర్ బేగ్ ధర్మశాస్త్రవేత్తలను, వైద్యులను సమావేశపరచి కాఫీని నిషేధింపజేశాడు. వీధుల్లో కాఫీ తగులబెట్టారు. కాని కైరోలోని సుల్తాను ఆ నిషేధాన్ని సంపూర్ణంగా ఆమోదించలేదు. అది ఎక్కువకాలం నిలవనూ లేదు. తరువాత ఆ శతాబ్దంలోనే అబ్దుల్ ఖాదిర్ అల్‌జజీరీ కాఫీ ధర్మసమ్మతమని నిరూపించటానికి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఈ వివాదమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: ఇది బుద్ధిని కప్పివేస్తుందా, లేక మేల్కొలుపుతుందా? మేల్కొలుపుతుందని తేలిన తరువాత హరాం అనటానికి ఆధారం మిగలలేదు. హజ్ నుంచి తిరిగివస్తూ బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని పదిహేడవ శతాబ్దపు ఐతిహ్యం. మన తీరపు ఇళ్లలోని కాఫీకి ఆ కొండలతో ఉన్న బంధుత్వాన్ని మరవరాదు.

ఐరోపాలో కాఫీ ‘మహమ్మదీయుల పానీయం’గా అడుగుపెట్టింది. 1592 నుంచి 1605 వరకు పోపుగా ఉన్న ఎనిమిదవ క్లెమెంట్ వద్దకు కొందరు వెళ్లి దానిని నిషేధించమన్నారనీ, ఆయన రుచి చూసి మెచ్చుకుని క్రైస్తవులకు అనుమతించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. దీనికి ఆ కాలపు ఆధారం లేదు; చరిత్రగా స్వీకరించటానికి వీలులేదు. బీరు పరిస్థితి వేరు. అది వారి మఠాల్లోనే పెరిగింది. ఆరవ శతాబ్దపు బెనెడిక్టు ముని తన నియమావళిలో, ద్రాక్షసారాయం మునులకు తగినది కాకపోయినా తన కాలపు మునులను ఆ మాటకు ఒప్పించటం సాధ్యం కానందున రోజుకు ఒక కొలత చాలునన్న భావం వ్యక్తం చేశాడు. ద్రాక్ష పండని ఉత్తర దేశాల మఠాల్లో ఆ స్థానాన్ని బీరు ఆక్రమించింది. రోమను పూజావిధి గ్రంథంలో బీరును ఆశీర్వదించే ప్రార్థన కూడా ఉన్నది. పానీయం ఉపవాసాన్ని భంగపరచదన్నది వారి పాత సూత్రం. అందువల్లనే తపస్సుకాలంలో మునులు చిక్కని బీరు కాచుకున్నారు. నీటిచుక్క కూడా ముట్టని రోజా పాటించే మనకిది వింతగా తోచవచ్చు. కాని వారి ఉపవాసానికీ మన రోజాకూ లక్షణమే వేరు.

అసలు విశేషం సత్ప్రసాద స్వీకారానికి ముందు పాటించే ఉపవాసంలో కనబడుతుంది. పూర్వం అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా నిషిద్ధం. 1953లో పన్నెండవ పయస్ పోపు నీటిని మినహాయించాడు. 1957లో ఆయనే మరొక శాసనంతో ఘనాహారానికి, మద్యపానీయాలకు మూడు గంటల వ్యవధి, మద్యం కాని పానీయాలకు ఒక గంట వ్యవధి విధించాడు. అనగా ఆ శాసనం ప్రకారం కాఫీ తాగినవాడు గంటకు బలిపీఠం వద్దకు రావచ్చు, బీరు తాగినవాడు మూడు గంటలు ఆగవలె. కథోలిక ధర్మశాసనమే ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచిన సందర్భమిది. 1964లో ఆరవ పౌలు పోపు అన్నిటికీ ఒకే గంట అని సడలించటంతో ఆ భేదం తొలగిపోయింది.

దివ్య ఖుర్ఆన్‌లో మద్యం గురించిన ఆదేశాలు వచ్చిన క్రమం తెలిసినవారికి ఇక్కడ ఒక పోలిక స్ఫురించక మానదు. అల్‌బఖరా అధ్యాయం దానిలో కొంత ప్రయోజనమున్నా కీడే పెద్దదని తెలిపింది. అన్నిసా అధ్యాయం మత్తులో నమాజును సమీపించవద్దన్నది. చివరకు అల్‌మాయిదా అధ్యాయం పూర్తిగా వర్జించమన్నది. ఆరాధనకూ మద్యానికీ నడుమ కాలవ్యవధి ఉంచే 1957 నాటి శాసనం రెండవ మెట్టును పోలి ఉన్నది. అయితే మనకది దారిలోని మజిలీ. వారికి మితమే గమ్యం. సృష్టిలోని వస్తువు మంచిదే, అతి మాత్రమే దోషమన్నది వారి వాదం. మితం ఎవరి చేతిలోనూ నిలవదన్నది మన అనుభవం. వారిలోనూ దీనిని గ్రహించినవారు లేకపోలేదు. 1838లో ఐర్లండులోని కార్క్ నగరంలో థియొబాల్డ్ మాథ్యూ అనే కథోలిక ఫాదరు సంపూర్ణ మద్యవర్జన ఉద్యమం ప్రారంభించి లక్షల మంది చేత ప్రతిజ్ఞ చేయించాడు.

ఈ తూకంలో ధనం, హోదా కూడా చేరాయి. జర్మనీలోని పాడర్‌బోర్న్‌ను ఏలిన బిషప్ పద్దెనిమిదవ శతాబ్దంలో సామాన్యులకు కాఫీ నిషేధించాడు. ప్రభువంశీయులకు, మతగురువులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విదేశీ కాఫీకి దేశధనం పోతున్నదని, ఇంటి బీరు ఉండగా అది ఎందుకని ఆ కాలపు పాలకుల వాదన. 1781లో జనం నడివీధిలో బహిరంగంగా కాఫీ తాగి ధిక్కరించారు. నిషేధం వీగిపోయింది.

ఇక మన తీరం సంగతి. 1928లో మద్రాసు అగ్రపీఠం నుంచి వేరుచేసి నెల్లూరు మేత్రాసనాన్ని ఏర్పరచారు. దాని బాధ్యత మిల్ హిల్ సంఘపు ఫాదర్లు వహించారు. 1929 నుంచి 1970 వరకు బిషప్‌గా ఉన్న విలియం బౌటర్ హాలండు దేశీయుడు. బీరు నిత్యజీవితంలో భాగమైన దేశాల నుంచి వచ్చినవారికి ఇక్కడ ఎదురైనది బీరు కాదు, కల్లు, సారా. భోజనంతో పాటు ఒక గ్లాసు బీరు అనే మితవాదం, కూలి డబ్బులు పూర్తిగా దుకాణంలో పోసి వచ్చే మనిషి ఇంట్లో ఏ విధంగా నిలుస్తుంది? ఆ దుకాణం ముందు మన పేటలవారెవరూ నిలబడలేదని మనం మాత్రం చెప్పగలమా?

1991–92లో జిల్లా మెట్టప్రాంతాన దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం మెట్ట నుంచి డెల్టాకు, తీరానికి పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా స్త్రీలు అడ్డుకున్నారు. వారు మితం ఎంత అని వాదించలేదు. ప్రభుత్వం ఖజానాకు వచ్చే రాబడిని లెక్కించింది, వారు ఇంటికి కలిగే నష్టాన్ని లెక్కించారు. లాభం కంటే కీడు పెద్దదన్న తూకమే అది. అందులో అధికసంఖ్యాకులు ఖుర్ఆన్ చదివినవారు కారు. అయినా తూకం అదే.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. బీరు, బ్రాందీ దుకాణాలు మాత్రం తెరిచే ఉంచారు. పేదవాని పానీయం విషం, ఉన్నవాని పానీయం వినోదం! పాడర్‌బోర్న్ పాలకుని లెక్క ఇక్కడ తలకిందులుగా కనబడుతుంది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అన్నిటినీ నిషేధించింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆదాయలోటు చూపి ఆ నిషేధాన్ని సడలించింది. బీరు చట్టబద్ధంగా తిరిగివచ్చింది. సారాకు ఆ అనుమతి రాలేదు.