వెలుతురుతో లోహమును కొలిచిన కథ



కొలిమిలోని ఇనుము ఎంత కాగినదో కమ్మరి దాని రంగును బట్టియే చెప్పును. వెలుతురు పదార్థమును గూర్చి సాక్ష్యము పలుకునన్నమాట మనకు క్రొత్త కాదు. అయితే, లోహములో విద్యుత్తును మోయు ఎలక్ట్రానులను సూక్ష్మకణములు ఎంత గట్టిగా పట్టువడి యున్నవో కూడ వెలుతురే చెప్పునని తేలుటకు పెద్ద వివాదమే నడచినది. దానిని మనవి చేసెదను.

1887లో జర్మనీ దేశపు హెర్ట్జ్ పండితుడు, అతినీలలోహిత కాంతి సోకినప్పుడు విద్యుత్ స్ఫులింగములు సులభముగా పుట్టుచున్నవని గమనించెను. 1902లో లెనార్డ్ మరియొక వింత చూపెను. దీపమును ఎంత పెంచినను లోహమునుండి వెడలు ఎలక్ట్రానుల సంఖ్య పెరుగునే గాని వాని వేగము పెరుగదు. వేగము వెలుతురు రంగును బట్టి యుండును!

1905లో ఐన్‌స్టైన్ దీనికి సమాధానము చెప్పెను. వెలుతురు విడివిడి మూటలుగా వచ్చును. ఎలక్ట్రాను ఒక మూటను గ్రహించి, అందు కొంత లోహపు పొలిమేర దాటుటకు సుంకముగా చెల్లించి, మిగిలినదానితో పరుగెత్తును. ఏ లోహపు సుంకము దానిదే.

అమెరికాలోని షికాగోలో మిలికన్ ఈ మాటను నమ్మలేదు. వెలుతురు అల యని నూరేండ్లనుండి రుజువగుచుండగా మూట లెక్కడివి? తప్పని తేలుననియే తలంచుచు పరీక్షకు పూనుకొనెను.

చిక్కంతయు లోహపు పైపొరలో నున్నది. సోడియము గాలి సోకినంతనే మాసిపోవును; మాసిన లోహము తప్పుడు సాక్ష్యము చెప్పును. అందుచే ఆయన సోడియము, పొటాసియము, లిథియము దిమ్మెలను గాలి తీసివేసిన గాజుబుడ్డిలో చక్రముపై నిలిపి, లోపలనే కత్తితో చెక్కు ఏర్పాటు చేసెను. ఆ కత్తిని వెలుపలినుండి విద్యుదయస్కాంతముతో నడపెను. మూసిన బుడ్డిలో చిత్రిక పట్టుట! ఈ కథలో నాకు మిక్కిలి ప్రీతియైన ఘట్ట మిదియే. పిమ్మట పాదరస దీపపు వెలుతురును రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునే లోహముపై పడనిచ్చి, వెడలు ఎలక్ట్రానులను నిలుపుటకు ఎన్ని వోల్టుల ఎదురుపోటు కావలెనో కొలిచెను.

రంగుల కంపనసంఖ్యలకు ఎదురుగా ఆ వోల్టులను గుర్తింపగా బిందువులన్నియు ఒక్క సరళరేఖపై నిలిచినవి. ఐన్‌స్టైన్ సూత్రము నెగ్గినది. 1916లో మిలికన్ ఆ ఫలితమును దాచక ప్రకటించెను. సూత్రము సరియే గాని దాని వెనుకనున్న మూటల సిద్ధాంతము నిలువదని కూడ అందే వ్రాసెను. మొండివాడే! అయినను ఈ కొలతను తన అభిప్రాయమునకు అనుగుణముగా వంచలేదు.

తరువాత స్వీడనులోని ఉప్సాలాలో కాయ్ సీగ్‌బాన్ ఎక్స్‌కిరణములను ప్రయోగించి, పరమాణువు లోతట్టు ఎలక్ట్రానుల సుంకమును సైతము కొలిచెను. గంధకము వేనితో కలిసి యున్నదో దానిని బట్టి ఆ సుంకము కొంచెము మారునని చూపెను. 1981లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేటికిని ఇట్టి పరీక్షాశాలలలో లోహమును శూన్యమునందే ఉంచి, పైపొరను శుభ్రపరచి, పిమ్మటనే కొలుచుచున్నారు.