శరత్కాలమున బాలురచే నేమి చదివింపవలెను?



ఆశ్వయుజ కార్తిక మాసములు శరదృతువు. ఈ ఋతువున పిల్లల చేతికి ఏ పుస్తక మీయవలెనని తల్లిదండ్రులు నన్నడుగుచుందురు. ఇందులకు సమాధానము మన వాఙ్మయచరిత్రలోనే కలదు.

11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. అరణ్యపర్వమున శరద్రాత్రులను వర్ణించుచుండగానే ఆయన రచన నిలిచిపోయినది. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని తక్కిన పర్వములను రచించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ, నన్నయ విడిచినచోటనే అందుకొని, మరల శరత్తునే వర్ణించి అరణ్యపర్వశేషమును పూరించెను. ఆంధ్రభారతమునకు అతుకుపడిన తావు శరత్కాలమే!

ఆ పద్యములు పదునైదేండ్లవారికి ఈ మాసములయందే చెప్పవలెను. వెన్నెలరాత్రి వాకిట కూర్చుండబెట్టి చెప్పవలెను. అంతకు చిన్నవారికి విరాటపర్వ కథ తగును. పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములు దాచిన వృత్తాంతము విజయదశమినాడు జమ్మిపూజ చూచివచ్చిన బాలునకు వేఱుగ వివరింప నక్కఱలేదు. పసివారికి 1947 జూలైలో మొదలైన 'చందమామ' కథలు చాలును. పత్రిక ఆగిపోయినను పాతసంచికలు ఇంకను చదువదగినవి. దానిని నెలకొల్పినవారిలో నొకరైన చక్రపాణి, చిరకాలము తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఇరువురును మన తెనాలివారే.

బడిలో నేను ఇంతవరకే చెప్పుచుండెడివాడను. ఒకనాడు నిజాంపట్నమున శరత్కాలపు నిర్మలాకాశమును గూర్చి పాఠము చెప్పుచుండగా, చేపలవేటకు పోవు ఇంటి బాలుడొకడు లేచి, "మేస్టారూ, మాకు వాయుగుండాలొచ్చేది ఈ నెలల్లోనే గదండీ! ఆ సంగతి పద్యంలో లేదేం?" అని అడిగెను. నేను నిరుత్తరుడనైతిని.

1977 నవంబరు 19వ తేది ఉప్పెన కృష్ణా, గుంటూరు తీరములను ముంచినది. దివిసీమలో వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. అది కార్తికమాసమే. నేనప్పుడు హైస్కూలు విద్యార్థిని. ఆ దినములను చూచియుండియు, పెద్దవాడనై పిల్లలకు శరత్తనగా వెన్నెల యని మాత్రమే చెప్పితిని! 1864 నవంబరు 1వ తేది బందరును ముంచిన ఉప్పెనయు ఈ ఋతువునందే వచ్చినది. అందు సుమారు 30,000 మంది మరణించిరని చరిత్ర చెప్పుచున్నది.

కావ్యము అసత్యము కాదు. వానలు వెనుదీసిన పిమ్మట ఆకసము తేటపడుట నిజమే. బంగాళాఖాతమున ఆ నెలలయందే తుపానులు పుట్టుటయు నిజమే. కావున సముద్రతీరపు బాలునకు శరత్కాలమున రెండు విధములైన చదువు కావలెను. భారతముతోడ సముద్రచరిత్రయు చదివింపవలెను. 1611లో ఆంగ్లవర్తకుల 'గ్లోబు' నౌక ఈ రేవునకు వచ్చుట, పాశ్చాత్యులు దీనిని 'పెటపోలి' యని వ్యవహరించుట, ఉప్పెనల తేదులు, హెచ్చరిక వినబడినప్పుడు చేయవలసిన పని, ఇవన్నియు వానికి తెలిసియుండవలెను.

ఆ బాలునితో, "మీ తాతగారి నడిగి 1977 నాటి సంగతి వ్రాసికొని రమ్ము" అంటిని. వాడు మరునాడు రెండు పుటలు వ్రాసి తెచ్చెను. నాటినుండి ఏటేట కార్తికమున, నన్నయ పద్యము చెప్పిన పిమ్మట, ఆ రెండు పుటలను తరగతిలో చదివించుచు వచ్చితిని. మీ యింటి పెద్దలకు జ్ఞాపకమున్నవి మీ పిల్లలచేత ఈ నెలలోనే వ్రాయింపుడు.