ఖమ్మం జిల్లా హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను బాలికలకు వేసి చూసేందుకు 2009–10లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో చేపట్టిన కార్యక్రమం. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి దీన్ని నడిపాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. భద్రాచలం ప్రాంతంలోని గోదావరి ఒడ్డు ఊళ్లలో కోయ గిరిజన పిల్లలు ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకోవడం మామూలు. తర్వాత రేగిన వివాదం చాలావరకు ఆ హాస్టళ్ల చుట్టూనే తిరిగింది.

ఈ టీకాకు మూలమైన పరిశోధన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1991లో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ చేశారు. ఆ క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణమని కనుగొన్న హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. పేద దేశాల్లో టీకాను ఎలా అందించవచ్చో తెలుసుకోవడానికి గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ సంస్థ పెరూ, ఉగాండా, వియత్నాం, భారత్‌లలో ప్రాజెక్టులు చేపట్టింది.

2009 జూలైలో ఖమ్మంలో ప్రాజెక్టు మొదలైంది. 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి మెర్క్ కంపెనీ గార్డాసిల్ టీకా వేశారు. ఆరు నెలల్లో మూడు డోసులు. ఇదే ప్రాజెక్టు కింద గుజరాత్‌లోని వడోదరలో సెర్వారిక్స్ అనే మరో టీకా వాడారు. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య సంస్థ ‘సమ’ సభ్యులు భద్రాచలం వచ్చి బాలికలతో, తల్లిదండ్రులతో మాట్లాడాక టీకాలు వేసిన తీరు బయటికి పొక్కింది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసింది.

టీకాలు వేయించుకున్న బాలికల్లో కొందరు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం చాలా తక్కువని కేంద్రం నియమించిన దర్యాప్తు కమిటీ తేల్చింది. సమ్మతి తీసుకున్న తీరులో మాత్రం లోపాలు ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. అమ్మానాన్న ఊళ్లో ఉండగానే ఆ పిల్ల ఒంటికి సంబంధించిన నిర్ణయం వార్డెన్ చేతికి వెళ్లిపోయింది. ఇది కాగితాల పొరపాటు కాదు, ఆ కుటుంబాలకు జరిగిన అన్యాయం. టీకా మంచిదైనంత మాత్రాన అది చెరిగిపోదు.

2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాత్ సంస్థను, వైద్య పరిశోధన మండలిని తీవ్రంగా తప్పుపట్టింది. పాత్ ఆ ఆరోపణలను అంగీకరించలేదు. ఈ టీకా ప్రాజెక్టుపై కల్పనా మెహతా తదితరులు వేసిన వ్యాజ్యంలో, పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పు చెప్పింది.