పాత కార్ల ప్లాస్టిక్ భాగాలు

ప్లాస్టిక్ భాగాలంటే కారు లోపలా బయటా రేకుకు తొడిగే డాష్‌బోర్డు, తలుపు పలకలు, బంపర్లు, క్లిప్పుల వంటివి. 1972లో వచ్చిన రెనో 5 పాలియెస్టర్ బంపర్లతోనే రోడ్డెక్కింది. రేకుకు తుప్పు ఎలాగో ఈ భాగాలకు ఎండ అలాగ.

డాష్‌బోర్డు మీది పీవీసీ తొడుగును మెత్తగా ఉంచేవి అందులో కలిపిన థాలేట్లు. అవి పాలిమర్‌తో రసాయనికంగా బంధం ఏర్పరచుకోవు కనుక వేడికి మెల్లగా బయటికొస్తాయి. ముందు అద్దం లోపలివైపు పట్టే జిడ్డుపొరకు ఇదొక కారణం. అవి తగ్గేకొద్దీ తొడుగు కుంచించుకుపోయి, బిగుసుకుని, చివరకు పగులుతుంది. పగిలాక పైపై పాలిష్‌లు ఎన్ని పూసినా వృథా.

ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లో బలహీనత అందులోని బ్యూటడైన్ రబ్బరుది. దాని ద్విబంధాలను అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ దెబ్బతీస్తే ముక్క పసుపెక్కి పెళుసుబారుతుంది. ముందుగా విరిగేవి క్లిప్పుల కొక్కేలే. రంగు వేయని నల్ల పాలీప్రొపిలీన్ బంపర్ బూడిదరంగుకు తిరుగుతుంది. వేడిగాలి పట్టి నలుపు తెప్పించడం నాలుగు రోజుల సోకు.

అదే ప్లాస్టిక్‌ను అసిటోన్‌లో కరిగించి, ఆ ద్రవంతో విరిగిన ఏబీఎస్‌ను అతకవచ్చు. పాలీప్రొపిలీన్ అసిటోన్‌లో కరగదు. దాన్ని వేడితో వెల్డింగ్ చేయాలి.