గర్భస్థ శిశువుల హృదయ చికిత్స

పుట్టిన బిడ్డకు జబ్బు చేసినచో మనము వైద్యుని పిలుతుము. పుట్టకమునుపే బిడ్డ గుండెలో లోపమేర్పడినచో ఏమి చేయవలెను? మన పూర్వులకు ఈ ప్రశ్న వేసికొను అవకాశమే లేకుండెను. గర్భములోని గుండెను చూచు సాధనము వారికి లేదు. ఆ సాధనము దొరికిన పిమ్మటకూడ చేయి చాచుటకు ముప్పది సంవత్సరములు పట్టినది.

1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు మన చెవికి వినబడని ధ్వనితరంగముల సాయమున గర్భములోని శిశువు ఆకృతిని చూపగలిగిరి. 1963లో న్యూజిలాండులోని ఆక్లండున విలియం లైలీ అను వైద్యుడు, రక్తము క్షీణించుచున్న గర్భస్థ శిశువునకు తల్లి పొట్టగుండ సూదిని పంపి రక్తకణముల నెక్కించి బ్రదికించెను. పుట్టని బిడ్డయు రోగియే, చికిత్సకు అర్హుడే యని ఆనాడు తేలినది. 1980 నాటికి లండనులోని గైస్ ఆసుపత్రిలో లిండ్సే ఆలన్ మొదలగువారు శిశుహృదయపు గదులను, కవాటములను ధ్వనిచిత్రములలో గుర్తింప నేర్చిరి.

ఇక లోపము సంగతి. గుండె ఎడమ గదినుండి రక్తము బృహద్ధమనిలోనికి పోవు ద్వారమున ఒక కవాటము కలదు. అది బిగుసుకొనిపోయినచో ఎడమ గది మొదట ఉబ్బి, క్రమముగా శక్తి నుడిగి, పెరుగుట మానును. రక్తము పారినగాని గది పెరుగదు. కాలువలో నీరు పారనిచో చేను ఎండినట్లే. గర్భములో ఊపిరిపని తల్లి మావి చేయును గనుక బిడ్డకు అప్పుడు ఆపద కనబడదు. పుట్టిన పిదప ఆ కుంచించిన గది దేహమంతటికి రక్తము నందింపజాలదు. కావున పుట్టువరకు వేచినచో కొందరి విషయమున ఆలస్యమే యగును.

1989లో గైస్ వైద్యులు సాహసించిరి. తల్లి పొట్టను, గర్భాశయమును, శిశువు రొమ్మును దాటి సన్నని సూది గుండెలో ప్రవేశించును. దానిగుండ చిన్న బెలూనును కవాటములోనికి పంపి, ఉబ్బించి, ద్వారమును వెడల్పు చేయుదురు. ఆ గుండె ద్రాక్షపండంతది! వారు 1991లో వివరించిన ఇద్దరు శిశువులును దక్కలేదు. 2000లో వెలువడిన సమీక్షలో వివిధ దేశములకు చెందిన 12 మంది శిశువుల వృత్తాంతము కలదు. వారిలో దీర్ఘకాలము జీవించినది ఒక్కరే.

అంతటితో ఆ ప్రయత్నము ఆగిపోలేదు. అదే సంవత్సరమున బోస్టను వైద్యులు దానిని చేపట్టిరి. ఏ శిశువునకు ఏ వారమున చికిత్స ఫలించునో యెంచుటయే ముఖ్యమని వారు గ్రహించిరి. 2014లో వారు ప్రకటించిన మొదటి 100 మంది లెక్కలో 88 మంది సజీవముగా జన్మించిరి. వారిలో 38 మందికి గుండె రెండు గదులతోను పనిచేయగలిగినది. తక్కినవారికి పుట్టిన పిమ్మట వరుస శస్త్రచికిత్సలు తప్పవు. 2023లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను ఇట్టి చికిత్స జరిగినది. బెలూను పని 90 క్షణములలో ముగిసినదని ప్రకటించిరి.

ఈ లెక్కలను చూచి చికిత్స అమోఘమని మనము భ్రమపడరాదు. సూది వలననే శిశువు ప్రాణము పోవచ్చును. పైగా ఆ సూది ముందుగా గ్రుచ్చుకొనునది ఆరోగ్యవతియైన తల్లి దేహమున. తన కొరకుగాక, ముఖము చూడని బిడ్డ కొరకు ఆమె ఆ బాధకు ఒడబడును. కావున లాభనష్టములను దాచక ఆమెకు తెలిపి, ఆమె సమ్మతిని పొందుట వైద్యుని ప్రథమ ధర్మము. ఈ చరిత్రలో వైద్యుల పేర్లు నిలిచినవి. పేరు తెలియని ఆ తల్లుల ధైర్యమును కూడ మనము స్మరింపవలెను.